అజూజీ పొయ్యిరాళ్ళు

పొయ్యి ఆర్పేయమన్న కబురు సవతి నోట వచ్చింది.

తెల్లవారుజాము నమాజు ముగించుకుని మగవాళ్ళు చెప్పులీడ్చుకుంటూ మసీదు నుంచి తిరిగొస్తున్న వేళ. అజూజీ అప్పటికే పొయ్యి ముందు పీట మీద సర్దుకు కూర్చుని మట్టిపెనం గుంతల్లో నూనె పోస్తోంది. పెనం ఎంత వేడెక్కిందో చేత్తో తాకి చూడదు, నీళ్ళు చిలకరించి చూడదు. నూనె వాసన మారగానే గరిటె ముంచుతుంది. పిండి పడింది. చుయ్యిమంది. అంచులు ఎర్రబడుతుంటే నడుమ బుడగలు లేచాయి. సన్నటి ఇనపపుల్లతో ఒక్కొక్కదాన్ని ఒక్క తోపు తోసి తిరగేసింది. వీటినే మాసా అంటారు. మన గుంత పొంగణాలకు దూరపు చుట్టాలు, కాకపోతే అరచేతంత వెడల్పుంటాయి. నానబెట్టిన బియ్యం కొంత, ఉడికించిన అన్నం కొంత కలిపి రుబ్బి, నిన్నటి పిండి చారెడు తోడు వేసి రాత్రంతా పులియబెడితే తప్ప ఆ మెత్తదనం రాదు.

సవతి లాంతానా నీళ్ళబిందె దించి, పొయ్యికి ఒక మూర దూరంలోనే ఆగింది.

"అక్కా, చెప్పమన్నాడు, చెబుతున్నా. నన్ను మాత్రం గరిటెతో కొట్టకు."

"ఎవడు చెప్పమన్నాడు?"

"ఎవడేంటి? పేరుగలాయన."

పేటంతా అతన్ని బిల్యామిను అని పిలుస్తుంది. పిలవలేనిది ఒక్క అజూజీయే. అతను ఆమె కడుపున పుట్టిన మొదటి బిడ్డ. తొలిచూలు బిడ్డను తల్లి పేరుపెట్టి పిలవకూడదు, పదిమందిలో నా కొడుకని చెప్పుకోకూడదు, ముద్దు చేయకూడదు. ఈ దేశంలో అది సిగ్గు. పైగా ఆ పేరు మామగారిది. మామగారి పేరు కోడలు పలకడమా? ఒకే పేరుకు రెండు తాళాలు. అందుకే ఆ ఇంట్లో ఆడవాళ్ళ మధ్య అతను పేరుగలాయన.

"శుక్రవారం తనకి పేటపెద్దగా తలపాగా కడుతున్నారు కదా. పేటపెద్ద ఇల్లంటే నలుగురూ వచ్చిపోయే ఇల్లంట. పొద్దున్నే పొగ, పులిసిన పిండి కంపు, గిన్నెలు పట్టుకుని వీధిగదిలో పిల్లల తోపులాట, ఇవేవీ ఉండకూడదంట. శుక్రవారంలోపు తీసేయమన్నాడు."

"ఇంకా?"

"ఇంకేముంది, నిన్ను కూర్చోబెట్టి అన్నం పెడతాడంట."

"కూర్చునే ఉన్నాగా. పెళ్ళైనప్పట్నించీ ఈ పొయ్యి ముందు కూర్చునే ఉన్నా. వాడు కొత్తగా కూర్చోబెట్టేదేంటి?"

లాంతానా నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంతలో వీధిగదిలోంచి కర్ర చప్పుడు, దాని వెనకే గొంతు. కసాయి తాంకో. అజూజీకి మేనబావ. ఈ దేశంలోనూ బావామరదళ్ళకు నోటికి అడ్డూ ఆపూ ఉండదు. రోజూ మొదటి వాయి ముసలాయనకే.

"ఏమే పెంటకుప్పా, ఇంకా కాలలేదా?"

"ఎప్పుడో కాలాయి బావా. నీకు మిగిలిన ఆ ఒక్క పన్నుకి సరిపోయేది ఏదా అని వెతుకుతున్నా."

"ఈ ఒక్క పన్నుతోనే నీ కొడుకు పెళ్ళిలో ఎద్దుని నమిలా."

"అందుకేనేమో, ఆ ఎద్దు ఇంకా బతికే ఉందని సంతలో చెప్పుకుంటున్నారు."

'నీ కొడుకు' అన్నమాట వినపడగానే ఆమె చెయ్యి దానంతటదే ముసుగు ముందుకు లాక్కుంది. గుమ్మం దాకా వచ్చి చతికిలబడ్డ తాంకో అది చూసీ చూడనట్టు కారప్పొడిలో అద్దుకుని ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"పొయ్యి ఆర్పేస్తున్నావంటగా మరదలా?"

"ఎవరన్నారు?"

"పేటంతా అంటోంది. ఆర్పితే చెప్పు, నేనూ చచ్చిపోతా. నా శవం మీదే నీ పేటపెద్ద మొదటి పంచాయితీ చేసుకుంటాడు."

"చావకు బావా. ఆర్పను" అంది అజూజీ. అని రెండో వాయి పోసింది.

*

అజూజీ అంటే పెంటకుప్ప అనే. మన వైపు పెంటమ్మ అని పెట్టుకున్నట్టే. తల్లికి ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. ఈ పిల్ల పుట్టగానే బొడ్డుకోసి, గుడ్డలో చుట్టి, వీధి చివర బూడిద పోసే పెంట మీద పడుకోబెట్టారు. అక్కర్లేని పిల్ల అనుకుని చావు దాటిపోతుందని ఆశ. పక్కింటి ముసలావిడ ఏమీ ఎరగనట్టు అటుగా వెళ్ళి, "ఎవరో పారేసుకున్నారమ్మా, తవుడుకిస్తా కొంటావా?" అని తల్లికే అమ్మింది. చావు మోసపోయింది. పిల్ల మిగిలింది. పేరూ మిగిలింది. చిన్నప్పుడు పిల్లలు ఆ పేరు పెట్టి ఏడిపిస్తే అజూజీ ఏడవలేదు. "అవును, నేను పెంటలోంచే వచ్చా. నువ్వు ఎక్కణ్ణుంచి వచ్చావో మీ అమ్మనడుగు" అనేది. ఆ నోరు పుట్టుకతో వచ్చింది.

టోపీలు ఉతికి కొయ్య అచ్చుల మీద ఆరబెట్టే హాబూకిచ్చి పెళ్ళి చేశారు. జారియా అనే ఆ ఊరి పాతకోట గోడల లోపల, రంగులద్దేవాళ్ళ గుంటల పక్క పేట. ఘోషా ఇల్లు. గడప దాటే పనిలేదు. అత్త దేలూకి ఉన్న విద్య మాసా. ఆమె దగ్గర కూర్చుని కోడలు పట్టింది. బియ్యం ఎంతసేపు నానాలి, దుమ్ముగాలి రోజుల్లో పిండికుండ ఎక్కడ పెట్టాలి, పులుపెక్కువైతే చిటికెడు ఉప్పురాయి నీళ్ళు ఎలా కలపాలి, అన్నీ. పొద్దున్నే వీధి పిల్లలు వాళ్ళ వాళ్ళ ఇళ్ళ గిన్నెలు పట్టుకొచ్చి వీధిగదిలో నిలబడేవాళ్ళు. మాసా లోపలినుంచి బయటికి వెళ్ళేది, అజూజీ వెళ్ళేది కాదు. మొగుడు తిండి పెట్టాలి, గుడ్డ ఇవ్వాలి. పెళ్ళాం చేతిపని మీద వచ్చింది పెళ్ళానిది. అది ధర్మం, మతం చదువుకున్న మాలంలు కూడా కాదనరు. హాబూ మంచివాడే, ఆ జోలికెప్పుడూ రాలేదు. ఉన్నన్నాళ్ళూ తిన్నాడు, మెచ్చుకున్నాడు. తర్వాత లాంతానాని చేసుకున్నాడు, తర్వాత చనిపోయాడు.

మొదటి బిడ్డ పుట్టినప్పుడు అజూజీ పాలైతే ఇచ్చింది, మొహం గోడకు తిప్పుకుని. మాటలొచ్చేసరికి ఆ పిల్లవాడు అత్తగదిలో పడుకునేవాడు, అత్తను అమ్మా అనేవాడు, కన్నతల్లిని అందరిలాగే 'అజూజీ' అనేవాడు. "అజూజీ, ఒకటియ్యి" అంటే ఆమె ఇంకెటో చూస్తూ ఒకటి విస్తరాకు మీద పెట్టేది. అన్నిటికంటే ఎర్రగా, గుండ్రంగా కాలినది ఎప్పుడూ వాడికే ఎందుకు దొరికేదో అత్త కనిపెట్టిందో లేదో.

ఒకరోజు పొద్దున్న ఆ పిల్లవాడు కోడిపిల్లను తరుముకుంటూ వచ్చి పెనం మీదికి తూలాడు. నూనె మణికట్టు మీద ఒలికింది. వాడి కేకకు మేకలు కట్టు తెంపుకున్నాయి. అజూజీ సగం లేచింది. అత్త చూసింది. ఒక్క చూపు. ఇంటినిండా ఆడవాళ్ళు, వీధిగదిలో పిల్లలు. అజూజీ మళ్ళీ కూర్చుంది. అత్త పరుగెత్తుకెళ్ళి వాడిని ఎత్తుకుంది. ఆ వాయి మాసా తిరగేసేవాళ్ళు లేక బొగ్గులైపోయాయి. ఆ తర్వాత ఇంతవరకూ ఆమె చేతిలో ఒక్క వాయీ మాడలేదు. మాడనివ్వలేదు.

ఆ మచ్చ బిల్యామిను కుడిచేతి మీద ఇప్పటికీ ఉంది, మెలి తిరిగిన తోలుముక్కలాగా. చొక్కా చేతులు ఎప్పుడూ మణికట్టు దాకా దించుకునే ఉంటాడు.

*

కబురు పంపితే సరిపోలేదు కాబట్టి మర్నాడు బిల్యామిను తనే లోపలి వాకిట్లోకి వచ్చాడు. అయితే ఏం? అతను ఆమెతో మాట్లాడడు, ఆమె అతనితో మాట్లాడదు. నడుమ లాంతానా గోంగూర వలుచుకుంటూ కూర్చుంది.

"పిన్నీ," అన్నాడు అతను కొట్టం గుంజ వైపు చూస్తూ. "పొయ్యి ఎప్పుడు తీస్తారో అడుగు."

"అక్కా, పొయ్యి ఎప్పుడు తీస్తావని."

అజూజీ కాళ్ళ దగ్గర తిరుగుతున్న నల్లకోడిని చూసింది. "కోడిపెట్టా, నేను పోయినాక తీస్తారని చెప్పు."

"పిన్నీ, తలపాగా కట్టాక ఇక్కడికి పెద్దవాళ్ళొస్తారు. నేలల గొడవలు, విడాకుల గొడవలు వింటా. వీధిగదిలో గిన్నెల చప్పుడు కుదరదు."

"కోడిపెట్టా, ఆ గొడవలు పడేవాళ్ళు చిన్నప్పుడు ఆ వీధిగదిలోనే గిన్నెలు పట్టుకు నిలబడ్డారని చెప్పు. ఖాళీ కడుపుతో వచ్చి గొడవపడతారా? ఒకటి తిని పడితే గొంతు బాగుంటుంది."

లాంతానా ఆకులు వదిలేసి నవ్వింది. బిల్యామిను మొహం గంటు పెట్టుకున్నాడు.

"పిన్నీ, నవ్వులాట కాదు. పేటపెద్ద తల్లి మాసా కాల్చి అమ్ముకుంటోందంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

'తల్లి' అనేశాడు. నోరు జారింది. వాకిలంతా ఒక్క క్షణం కోడితో సహా ఆగిపోయింది. అతనే ముందు తేరుకుని గొంతు పెంచాడు.

"అసలు ఆ పెనమంటే నాకు చిన్నప్పట్నించీ పడదు. చూడు పిన్నీ." చొక్కా చెయ్యి పైకి లాగాడు. "నేను కాలి అరుస్తుంటే ఆవిడ పీట మీంచి లేవలేదు. మాసా తిప్పుకుంటూ కూర్చుంది. నాకు గుర్తుంది. ఆ పొయ్యి మీదున్న ప్రేమ మనుషుల మీద లేదు ఆవిడకి. అది కూడా చెప్పు."

లాంతానా ఆకుల్లోకి తల వంచుకుంది. చెప్పాల్సిన పనీ లేదు. అజూజీ కట్టెలు లోపలికి తోసింది. పొగ కళ్ళలోకి వచ్చింది, పక్కకు తప్పుకోలేదు. అతను వెళ్ళిపోయాడు.

"అక్కా," అంది లాంతానా. "పోనీ కొన్నాళ్ళు ఆపు. వాడు కొత్త. కుదురుకున్నాక మళ్ళీ..."

"ఆపిన పిండి ఏమవుతుంది లాంతానా?"

"పాడవుతుంది."

"తోడు తెగిపోతుంది. ఆ తోడు అత్త ఇచ్చింది, అత్తకు వాళ్ళమ్మ ఇచ్చింది. నా నోరు మూయమంటే మూశాను. మొహం తిప్పుకోమంటే తిప్పుకున్నాను. ఇక నా దగ్గరున్నది ఈ కుండెడు పులుపు. ఇదీ ఇచ్చేయమంటావా?"

లాంతానా మళ్ళీ గోంగూర అందుకుంది.

*

గురువారం మధ్యాహ్నం వెనకవీధిలో ఒక ఇంట్లో చావు పరామర్శకు సవతులిద్దరూ వెళ్ళారు. వయసైన విధవరాళ్ళకు ఆ మాత్రం గడప దాటే వీలుంది. తిరిగొచ్చేసరికి వాకిలి తళతళలాడుతోంది. ఊడ్చి, ఎర్రమట్టి అలికి, పైన కొత్త చాప పరిచారు. పొయ్యి లేదు. మూడు రాళ్ళూ లేవు. ఇన్నేళ్ళ మసి పట్టిన గోడకు సున్నం కూడా కొట్టేశారు.

కోడలు రకియా గుమ్మంలో వణుకుతూ నిలబడింది. "అత్తా, నేనొద్దన్నా. ఆయన కూలీలను పిలిపించి... రాళ్ళు పెంట మీద పారేయించారు."

"పెనం?"

"మీ గదిలోది మీ సొత్తు కదత్తా, ముట్టుకోలేదు."

పెళ్ళికూతురుతో వచ్చిన సామాను భర్తదీ కాదు, కొడుకుదీ కాదు. గదిలోకి వెళ్ళి చూసింది. మూలన పెనం, పక్కనే పిండికుండ. మూత తీసింది. పొద్దున రుబ్బించి తోడేసిన పిండి అప్పుడప్పుడే లేస్తోంది. పైన చిన్న చిన్న కళ్ళు తెరుచుకుంటున్నాయి. రాళ్ళు పోయిన సంగతి దానికేం తెలుసు?

అజూజీ మూత మళ్ళీ పెట్టి, నూనె ఎంత మిగిలిందో చూసుకుంది. అది చూసి రకియాకు ఇంకా భయమేసింది.

*

శుక్రవారం తెల్లారింది. దుమ్ముగాలికి వీధి చివర కనపడటంలేదు. మసీదునుంచి తిరిగొస్తున్నవాళ్ళు ముందు ఆ ఆకారాన్ని చూసి ఎవరో పిచ్చిది పెంట కెలుకుతోందనుకున్నారు. దగ్గరికొచ్చాక గుర్తుపట్టి నాలుకలు కరుచుకున్నారు. పేటపెద్ద కాబోయేవాడి తల్లి బూడిదలోకి మోకాళ్ళ దాకా దిగి చేతులతో తవ్వుతోంది. మొదటి రాయి మసివల్ల తొందరగా దొరికింది. రెండోది గుమ్మడి తొక్కల కింద. మూడోదాని మీద ఎవరో చచ్చిన గొర్రె కొమ్ములు పారేశారు. లాంతానా ముక్కు మూసుకుని గట్టున నిలబడి, "ఛీ ఛీ, అక్కా, కొత్త రాళ్ళు తెచ్చుకుందాం" అంటూనే ఒకటి నెత్తికెత్తుకుంది.

ఇంటికి తెచ్చారు. లోపలికి మాత్రం తీసుకెళ్ళలేదు.

వీధివైపు అరుగు, మగవాళ్ళు కూర్చునే అరుగు. సాయంత్రాలు కబుర్లాడేది, పంచాయితీలు మొదలయ్యేది అక్కడే. ఆ అరుగు కింద, సరిగ్గా ఇంటి మొహాన, అజూజీ మూడు రాళ్ళూ పెట్టింది. కట్టెలు పేర్చింది. ఇల్లున్న ఆడది లోపల కాల్చుకుంటుంది. వీధిలో కాల్చేది దిక్కులేనిది. ఆ సంగతి పేటలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. అజూజీకి ఇంకా బాగా తెలుసు. పెనం పెట్టింది. నూనె పోసింది. పీట మీద కూర్చుంది, ఇంటికి వీపు పెట్టి, వీధికి మొహం పెట్టి.

పిల్లలు గిన్నెలతో వచ్చారు. రోజూ లోపలినుంచి వచ్చే చెయ్యి తప్ప ఆమెను ఎరగని పసివాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. "ఏంటలా చూస్తారు? మాసా కాల్చేది దయ్యమనుకున్నారా?" అంది. తర్వాత తలపాగా ఊరేగింపు కోసం జనం రావటం మొదలైంది. అంచుల కుట్టుపనితో వెడల్పాటి అంగీలవాళ్ళు, గుర్రం మీద ఇద్దరు, మోటారు సైకిళ్ళ మీద ముగ్గురేసి. పొగడ్తలు పాడే డప్పులవాళ్ళు దిగారు. పొగలోంచి దారి చేసుకుని వచ్చినవాళ్ళు ఆగిపోయారు. లోపలికి పోవాలంటే పొయ్యి దాటి పోవాలి. దాటటానికి ఎవరికీ కాలు రాలేదు.

తాంకో కర్ర పొడుచుకుంటూ వచ్చి అరుగెక్కి కూర్చున్నాడు.

"మరదలా, నీ కడుపు చల్లగుండ, ఇన్నాళ్ళకు బయటికొచ్చావ్. ఇంత అందంగా ఉంటావని తెలిస్తే ఆ టోపీలవాడికి ఇవ్వనిచ్చేవాణ్ణా?"

"నన్ను చూసి కాదులే బావా, పిండి వాసనకు నీ కళ్ళు తిరుగుతున్నాయి. ఇందా."

జనంలో నవ్వు లేచింది. సరిగ్గా ఆ నవ్వులోకి బిల్యామిను బయటికొచ్చాడు. తెల్లటి కొత్త అంగీ, గంజి పెట్టిన టోపీ. పొయ్యిని చూశాడు, రాళ్ళను చూశాడు. మొహం నల్లబడింది.

"పిన్నీ," అన్నాడు పళ్ళు బిగించి. "లోపలికి రమ్మని చెప్పు. ఇప్పుడే."

లాంతానా రెండు చేతులూ పైకెత్తి చూపించింది. మోచేతుల దాకా బూడిద. "నాయనా, నేను చెప్పీ చెప్పీ అలిసిపోయాను. ఈ రోజుకు నేను మూగదాన్ని."

"తాంకో బాబాయ్, మీరైనా చెప్పండి."

"నా నోట్లో మాసా ఉంది" అన్నాడు తాంకో. నిజంగానే ఉంది. అది అయిపోగానే ఇంకొకటి పెట్టుకున్నాడు.

బిల్యామిను చుట్టూ చూశాడు. ఇందరిలో ఆ మాట మోసేవాడు ఒక్కడు లేడు. అందరూ పెనం వైపో ఆకాశం వైపో చూస్తున్నారు. డప్పులవాడు ఏం చేయాలో తెలీక సన్నగా దరువు వేస్తున్నాడు. కోడి కూడా లోపలే ఉండిపోయింది.

అజూజీ ఇనపపుల్ల పెనం అంచున పెట్టింది. ముసుగు వెనక్కి తోసింది.

"బిల్యామినూ."

దరువు ఆగిపోయింది. ఎవరో ముసలాయన "అల్లా!" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. వీధిలో అంతకుముందు పెద్దగా చప్పుడుందని అది పోయాకే తెలిసింది.

"నీ పేరు నాకు తెలుసురా. నీకు పెట్టకముందే తెలుసు. ఇటు చూడు."

అతను చూశాడు. తల్లి కళ్ళలోకి సూటిగా చూడటం అతనికి కూడా ఇదే మొదలు.

"నా రాళ్ళు పెంట మీద పారేయించావు. తెచ్చుకున్నా. నన్నూ అక్కడే పారేశారు, అక్కణ్ణుంచే తెచ్చుకున్నారు. అది నాకు పుట్టిల్లు. పుట్టింటికి పంపితే ఏడుస్తాననుకున్నావా?"

కట్టె ఒకటి లోపలికి తోసింది.

"నీ చెయ్యి కాలినరోజు నేను లేవలేదు. నిజమే. లేవకూడదన్నారు, లేవలేదు. అందరి మాటా విన్నాను, నీ అరుపు తప్ప. ఇవాళ నువ్వొచ్చి ఇక్కడ కూర్చోకూడదంటున్నావు. ఆరోజు విన్నందుకు చాలు. ఈసారి వినను."

మాసా అంచులు ముదురుతున్నాయి. మాట మధ్యలో ఆపి గబగబా అన్నీ తిరగేసింది. మాడనివ్వలేదు.

"ఆర్పాలా? ఆర్పుతా. కాకపోతే పిన్నితోనూ బాబాయితోనూ కాదు. నా ఎదురుగా నిలబడి, అమ్మా అని పిలిచి, ఆర్పు అను. ఈ కుండలో నీళ్ళున్నాయి, నా చేత్తో నేనే పోస్తా. అను."

బిల్యామిను నోరు తెరిచాడు.  అంగీ చెయ్యి కిందికి లాక్కున్నాడు, మణికట్టు మీదికి. పక్కవాళ్ళ ముందు ఎవరి పేరైనా పిలిచి తిట్టగలడు, రేపట్నించి అదే పని. ఈ ఒక్క పిలుపు రాలేదు. పిలుపు వచ్చినా, దాని వెనకాల రావాల్సిన రెండోమాట వచ్చేలా లేదు.

"వేళ మించిపోతోంది" అన్నాడు చివరికి, ఎవరితోనో. పొయ్యి పక్కగా, అంగీ అంచు నిప్పుకు తగలకుండా చేత్తో పట్టుకుని, దిగి నడిచాడు. జనం వెనక కదిలారు. కదిలేముందు ఒకడు వంగి మాసా ఒకటి తీసుకున్నాడు. తర్వాత ఇంకొకడు. డప్పులవాడు రెండు తీసుకుని, బతుకుతెరువు మరిచిపోనివాడు కాబట్టి, గొంతెత్తి ఎవరిని పొగిడాడో తెలుసా? "పెంటలో పూసిన దానా! చావుకే అమ్ముడుపోని దానా!" అని.

"పోరా, నూనెచేతులతో డప్పు ముట్టకు" అంది అజూజీ.

*

తలపాగా కట్టారు. పేటపెద్దయ్యాడు. అరుగు మీద పంచాయితీలు మొదలయ్యాయి, అరుగు కింద పొయ్యి మండుతూనే ఉంది. పొగ పేటపెద్ద మొహాన కొట్టేది. విడాకులడగటానికి వచ్చిన మగవాడు ముందు మాసా తిని, పిండి మెత్తగా ఉందని మెచ్చుకుని, అప్పుడు పెళ్ళాం మీద ఫిర్యాదు ఎత్తుకునేవాడు. అప్పటికి సగం కోపం పోయేది. ఊళ్ళో నవ్వుకున్నారు. నవ్వుకున్నా అందరూ తిన్నారు.

కొన్నాళ్ళకు లాంతానా కబురు తెచ్చింది. "లోపల పెట్టుకోమంటున్నాడక్కా. సున్నం పాడైనా ఫరవాలేదంట."

"తీసినవాణ్ణి వచ్చి పెట్టమను."

"పేటపెద్ద రాళ్ళు మోస్తాడా?"

"మోయించినవాడికి మోయటం రాదా?"

లాంతానా ఆ మాట ఉన్నదున్నట్టు చేరవేసింది, రవ్వంత ఉప్పూకారం కూడా చల్లి. రాళ్ళు అరుగు కిందే ఉన్నాయి. అజూజీ వీధిలోనే కాల్చింది. చలిగాలిలోనే కూర్చుంది. రాజీకి వచ్చిన పెద్దమనుషులిద్దరికి చెరో గిన్నెడు పెట్టి పంపేసింది. గిన్నెలోని గుమ్మడి, వేరుశనగ, గోంగూర పులుసు నాకేసి, వచ్చిన పనేమిటో మరిచిపోయి వెళ్ళారు.

ఒక పొద్దున, నమాజయ్యాక, ఆమె పిండికుండ ఎత్తుకుని గదిలోంచి వస్తుంటే లోపలి వాకిట్లో దబ్బుమని చప్పుడు. చూసింది. చూసి, అలవాటు కొద్దీ మొహం పక్కకు తిప్పుకుంది. తలపాగా లేదు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. ముంజేతులనిండా మసి, ఆ మసిలో మచ్చ కనపడటంలేదు. ఒక రాయి దించి మళ్ళీ బయటికి వెళ్ళాడు. రెండోది తెచ్చాడు. మూడోది తెచ్చి, నేల చదును చేసి, సున్నం కొట్టిన గోడకు దగ్గరగా పెట్టాడు.

అజూజీ నల్లకోడిని వెతుక్కుంది. అది రెక్కలు దులుపుకుంటూ వచ్చింది.

"కోడిపెట్టా, మూడో రాయి వంకరగా పెట్టాడని చెప్పు."

బిల్యామిను వంగి రాయిని కదిపి చూశాడు. అతనూ కోడివైపే తిరిగాడు.

"కోడిపెట్టా, మా అమ్మకి చెప్పు. రాయి వంకర కాదు, నేల వంకర."

లాంతానా చేతిలోని గోంగూర కట్ట జారి పడింది.

అజూజీ పీట లాక్కుని కూర్చుంది. రాయి కింద పెంకుముక్క ఒకటి దోపి సరిచేసింది. కట్టెలు తోసింది. ఊదింది. మంట లేచింది, తెల్లటి గోడ మీద అప్పుడే మొదటి మసి.

"కోడిపెట్టా, నేలల సంగతి అరుగు మీద తేల్చుకోమని చెప్పు" అంది. "ఇక్కడ పెత్తనం నాది."

నూనె వాసన మారింది. గరిటె ముంచింది.